తుపాకీ ఉన్న ఇంటికి పిల్లలతో వెళుతున్న మేనకోడలికి

చి.ల.సౌ. మేనకోడలికి అత్తయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ పాలకొల్లులో అందరం క్షేమం.

ఈ వేసవి నుంచి హైదరాబాదు వదిలి, అంబాజీపేట దగ్గర మీ అత్తవారి ఊళ్లోనే ఉండిపోదామనుకుంటున్నట్టు రాశావు. చాలా సంతోషం. కొబ్బరి తోట, మండువా లోగిలి, కాలవగట్టు, పిల్లలకు అంతకంటే ఏం కావాలి! అదే ఉత్తరంలో ఇంకో సంగతి కూడా రాశావు. మీ మామగారికి డెబ్బై దాటాయి కాబట్టి ఆయన డబుల్ బ్యారెల్ తుపాకీకి లైసెన్సు మా అల్లుడుగారి, అంటే మీ ఆయన పేరున వచ్చిందని, దాన్ని దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టారని, తూటాలు బీరువాలో ఉన్నాయని, పిల్లలకు ఆ సంగతే తెలియదని. ఆ చివరి మాట చదివాక నాకు నిద్ర పట్టలేదు.

పిల్లలకు తెలుస్తుందమ్మా. ఇంట్లో నాలుగు రోజులు తిరిగితే పెద్దలు మరిచిపోయిన మూలలు కూడా వాళ్లకు తెలుస్తాయి. సున్నుండల డబ్బా అటక ఎక్కించిన రోజే కుర్చీ మీద పీట వేసుకుని దించుకునే వయసు మీ చిన్నవాడిది. దాచిన కొద్దీ వాళ్లకు వెతకబుద్ధి పుడుతుంది. అది వాళ్ల తప్పు కాదు. దాచడం వేరు, తాళం వేయడం వేరు. ఇంటి పెద్దలు ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు.

"మా వాడికి చెప్పాం, ముట్టుకోడు" అనే ధీమా కూడా వద్దు. 2001లో అమెరికాలోని అట్లాంటాలో వైద్యులు ఈ సంగతే పరీక్షించి చూశారు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మగపిల్లలు 64 మందిని చిన్న చిన్న జట్లుగా ఒక గదిలో ఆడుకోనిచ్చారు. అక్కడి సొరుగుల్లో నీళ్లు చిమ్మే బొమ్మ తుపాకులతో పాటు, పేలకుండా చేసిన నిజమైన పిస్తోలు ఒకటి పెట్టి, అద్దం వెనక నుంచి గమనించారు. ఆ 64 మందిలో 48 మందికి పిస్తోలు దొరికింది. వాళ్లలో 30 మంది చేతిలోకి తీసుకున్నారు, 16 మంది ట్రిగ్గర్ నొక్కారు. అలా ముట్టుకున్నవాళ్లలో దాదాపు అందరికీ తుపాకీతో జాగ్రత్త అని ఎవరో ఒకరు ముందే చెప్పి ఉన్నారు! దొరికినది బొమ్మో నిజమో సగం మందికి తేలలేదు. దీపావళికి రీలు పెట్టి టపటపలాడించే తుపాకీ చేతికిచ్చేది మనమే. ఆకారం అదే, పట్టుకునే తీరు అదే. తేడా ఆరేళ్లవాడికి ఎలా తెలుస్తుంది?

అందుకని చెప్పడం మానేయమనను. "తుపాకీ కనిపిస్తే ముట్టుకోకు, అక్కడ నిలబడకు, వెంటనే వచ్చి నాకు చెప్పు, నిన్ను తిట్టను" అని చిన్నవాడికి నెలకోసారైనా చెప్పు. ఆ "తిట్టను" అన్న మాట ముఖ్యం, తిడతారని భయపడ్డ పిల్లవాడు చెప్పడు. అయినా బరువంతా ఆ మాట మీద పెట్టకు. బరువు మోయవలసింది ఇనప పెట్టె.

మీ మామయ్య సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చినవాడు. ఆయన పుట్టిన ఊరు తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, మిలటరీ మాధవరం అని నలుగురూ పిలిచేది. తుపాకీ తుడిచే రోజున ముందు పిల్లలను పెరట్లోకి పంపేవారు. తూటాల పెట్టె ఆ గదిలోకే రానిచ్చేవారు కాదు. గోనెపట్టా పరిచి, గొట్టం మొన మనుషులు తిరగని గోడ వైపు తిప్పి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, తుపాకీని గొట్టాలూ వెనక చెక్కా కలిసే నడుము దగ్గర వంచి తెరిచేవారు. మండువాలో వెలుతురుకు పట్టి రెండు గొట్టాల్లోంచీ ఆకాశం కనిపిస్తోందా అని చూసేవారు. చూసి ఊరుకునేవారు కాదు, తూటా కూర్చునే రెండు చోట్లా చిటికెన వేలు పెట్టి తడిమేవారు. అరగంట ముందు తనే ఖాళీ చేసి ఉన్నా సరే, మళ్లీ మొదటి నుంచీ అంతే. అల్లుడుగారికి ఈ పద్ధతి అలవాటు చేయించు. "ఖాళీగానే ఉందిలే" అన్న మాట మీ ఇంట్లో ఎవరి నోటా వినపడకూడదు.

ఇక పెట్టె సంగతి. రోజుకు పదిసార్లు తెరిచే చీరల బీరువా దీనికి పనికిరాదు. మందపాటి ఇనప రేకుతో, తలుపు బందులు లోపలి వైపు వచ్చేలా విడిగా పెట్టె చేయించండి. దాన్ని లోపలి నుంచి బోల్టులతో గోడకు బిగించాలి, లేకపోతే పెట్టెతో సహా ఎత్తుకుపోతారు. డబుల్ బ్యారెల్ తుపాకీలో ఒక సౌకర్యం ఉంది. గొట్టాల కింద ఉండే చెక్కను ఊడదీస్తే గొట్టాలు ఒక ముక్కగా, ట్రిగ్గర్ ఉన్న వెనక చెక్క ఇంకో ముక్కగా విడిపోతాయి. అలా విప్పితే మూడడుగుల పెట్టె చాలు. గొట్టాలు ఒక తాళం కింద, వెనక భాగం ఇంకో తాళం కింద, తూటాలు వేరే గదిలో మూడో తాళం కింద ఉంటే, ఒక తాళం పొరపాటున తెరిచి ఉన్నా పిల్లవాడి చేతికి వచ్చేది పేలని ఇనుమే. రేపు ఎవరైనా రివాల్వర్ కొనమని అల్లుడుగారికి చెబితే మాత్రం నువ్వు గట్టిగా అడ్డుపడు. అది సొరుగులో పట్టేంత చిన్నది. మూడు నాలుగేళ్ల పిల్లల్లో కూడా కొందరు దాన్ని తమ వైపు తిప్పుకుని రెండు బొటన వేళ్లతో ట్రిగ్గర్ నొక్కగలరు.

తాళంచెవి గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎక్కువ ఇళ్లలో గుట్టు బయటపడేది అక్కడే. దేవుడి పటం వెనక మేకు, బియ్యం డబ్బా అడుగు, గుమ్మం పైన చెక్క, ఇవన్నీ ఊరందరికీ తెలిసిన చోట్లు. ఇంటి తాళాల గుత్తిలోనూ వేయకూడదు, పిల్లలు ఆ గుత్తితోనే ఆడుకుంటారు. లైసెన్సు అల్లుడుగారిది, కాబట్టి చెవి ఆయన ఒంటి మీదే ఉండాలి, పొరుగూరు వెళితే ఆయనతోనే వెళ్లాలి. మీ మామయ్య దాన్ని నాకు కూడా ఇవ్వలేదు. అది సరైన పనేనని ఇప్పటికీ అంటాను. స్నానానికి వెళ్లేటప్పుడు "చెవి ఏదీ?" అని అడగడం నా వంతు. నువ్వూ అడుగు. మొహమాటపడకు. నంబరు తాళం పెట్టిస్తే పిల్లల పుట్టినరోజులు, బండి నంబరు వాడనివ్వకు. మన ఫోను తెరిచే గీతను పక్కన కూర్చుని నేర్చేసుకున్నవాళ్లకు నాలుగు అంకెలు ఒక లెక్క కాదు.

మన నేల తేమ కూడా గుర్తుంచుకోవాలి. తోలు సంచిలో పెడితే తోలు చెమ్మ పీల్చి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది, మీరు చుట్టిన దుప్పటీ అంతే. పాత అట్ట తూటాలు చెమ్మకు ఉబ్బి గొట్టంలో ఇరుక్కుంటాయి. అటువంటివి ఉంటే ఇంట్లో ఎవరూ విప్పి చూడవద్దు, ఎండబెట్టవద్దు, స్టేషన్‌లో చెప్పి అప్పగించేయండి.

సంక్రాంతి మూడు రోజులూ నాకు అన్నిటికంటే భయం. ఇల్లంతా చుట్టాలు, మగవాళ్లు పందేల బరి నుంచి వచ్చి అరుగు మీద చేరతారు, ఎవరో ఒకరు "బావా, ఓసారి తుపాకీ చూపించవా" అంటారు. చూపించకూడదు. ఫొటోకు కూడా తీయకూడదు. సరదాకు గాలిలోకి కాల్చి మనుషుల ప్రాణాలకు ముప్పు తెచ్చినా నేరమే, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నన్నడిగితే చట్టం కంటే పెద్ద కారణం అరుగు కింద నిలబడి చూస్తున్న పిల్లలు. పెద్దల చేతిలో మురిపెంగా కనిపించిన వస్తువు మర్నాడు వాళ్లకు కావాలి. పండక్కి ముందే దాన్ని లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర డిపాజిట్ చేసి రసీదు తీసుకుంటే ఆ గొడవే ఉండదు. ఎన్నికలప్పుడు ఎలాగూ స్టేషన్‌లో అప్పగించమంటారు. తిరిగి తెచ్చుకున్న రోజు అటూ ఇటూ తిప్పి మురిసిపోకుండా, వేలు పెట్టి చూసి, నేరుగా పెట్టెలో పెట్టించు.

వరద సంగతి కూడా ఇప్పుడే అనుకోండి. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను చూసినవాళ్లం మేము. నీళ్లు వచ్చాక సామాను ఎవరు మోశారో, ఏ పడవలో ఏ మూట వెళ్లిందో ఎవరికీ గుర్తుండదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 13.75 అడుగులకు చేరి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే, అల్లుడుగారు తుపాకీని, తూటాలను లైసెన్సు పుస్తకంతో సహా స్టేషన్‌కు చేర్చేయాలి. పిల్లలతో పునరావాస కేంద్రంలో పడుకునే రాత్రి పక్కన తుపాకీ మూట ఉండకూడదు.

రొయ్యల చెరువు మీద నీటికాకులను బెదిరించడానికి మీ కాపలా మనిషి వాడే ఎయిర్ గన్ కూడా ఈ లెక్కలోదే. తక్కువ శక్తివాటికి లైసెన్సు అక్కరలేదు కదా అని మకాం గోడకు తగిలించి వదిలేస్తారు. దాని గుండు కంటికి తగిలితే చూపు పోతుంది. పక్షులను దానితో కొట్టడం కూడా తప్పే, వలలు, రంగు రిబ్బన్లు కట్టించండి.

ఇప్పుడు పెద్దవాడి విషయం. ఇంటరులో చేరుతున్నాడు. ఆ వయసు పిల్లలకు పెట్టె ఎత్తు అడ్డం కాదు, తాళం తెరవడం తెలియకపోవడం ఒక్కటే అడ్డం. ఇంకో మాట, పెద్దదాన్ని కాబట్టి దాచకుండా రాస్తున్నాను. ఫలితాలు వచ్చే రోజులు, స్నేహితులతో మాట పడ్డ రోజులు, గది తలుపు వేసుకుని అన్నానికి రాని రోజులు ఆ వయసులో వస్తాయి. అప్పుడు వాడితో కూర్చుని మాట్లాడటం, అవసరమైతే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడం ఎలాగూ చేస్తావు. దానితో పాటు ఆ రోజే తుపాకీ ఇల్లు దాటాలి. పెద్దవాళ్లలో ఎవరి మనసు బాగోకపోయినా అంతే. వాడు తేరుకున్నాక తెచ్చుకోవచ్చు, తొందరేమీ లేదు.

అసలు మీకు అది అవసరమా అని కూడా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. మీ మామగారి రోజుల్లో తోటలో ఒంటిల్లు, చుట్టూ చీకటి. ఇప్పుడు మీ వీధి వీధంతా దీపాలు. తాతల నాటి వస్తువని ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకోండి, కాదనను. వద్దనుకుంటే మాత్రం లైసెన్సున్న డీలరుకు గాని స్టేషన్‌లో గాని కాగితాలతో సహా అప్పగించాలి, ఇంకొకరి చేతికి ఊరికే ఇవ్వడం నేరం.

పెట్టె పెట్టే గోడ కొలతలు తీసి నాకు పంపు. ఇక్కడ మా వీధి చివర వెల్డింగు చేసే కుర్రవాడు నమ్మకస్తుడు, వారంలో చేసి ఇస్తాడు. ఈలోగా రేపే అల్లుడుగారిని అటక మీది దుప్పటి మూట దించమను. మీ మామగారినీ పక్కన కూర్చోబెట్టుకుని, గొట్టాలు ఖాళీగా ఉన్నాయో లేదో వేలు పెట్టి చూసి, తూటాలతో సహా డీలరు దగ్గర డిపాజిట్ చేయించు. గోడకు పెట్టె బిగించాక నాకు ఫోను చెయ్యి. పిల్లల టికెట్లు ఆ తర్వాత తీయిద్దాం.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య