నో బిడ్ బేళ్లను దాచిపెడితే నాణ్యత పెరుగుతుందా?

ప్రశ్న: మాది పొదిలి దగ్గర పల్లె. ఏటా ఒక బ్యారన్‌కు (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) సరిపడా వర్జీనియా పొగాకు వేస్తాం. ఈసారి 5 బేళ్లు రెండుసార్లు వేలానికి తీసుకెళ్లినా నో బిడ్ అయ్యాయి, అంటే ఎవరూ పాడలేదు. కొంత ఆకులో పచ్చ ఛాయ ఉంది, కొంత మాడినట్టుంది. అమెరికాలో ఉండే మా బావమరిది ఫోన్‌లో మాట్లాడుతూ, అక్కడ పైపు తాగేవాళ్లు పొగాకు డబ్బాలను అయిదారేళ్లు దాచుకుంటారని, పాతబడేకొద్దీ ఘాటు పోయి మెత్తగా, తియ్యగా అవుతుందని అన్నాడు. అలాగైతే మా బేళ్లను రెండేళ్లు నిల్వ ఉంచితే మంచి రేటు వస్తుందా సార్?

జవాబు: మీ బావమరిది చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే ఆయన చూసిన డబ్బాలోని ఆకు వేరు, మీ షెడ్డులో ఉన్న ఆకు వేరు. ఈ 5 బేళ్లను రెండేళ్లు ఉంచొద్దు, ఈ సీజన్‌లోనే వదిలించుకోండి. ఎందుకో వివరంగా చెబుతాను.

కొత్త చింతపండు ఎర్రగా ఉంటుంది కదా, ఏడాది తిరిగేసరికి నల్లబడుతుంది. బెల్లం దిమ్మ కూడా అంతే. వాటిలోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు నెమ్మదిగా కలిసి రంగు మారతాయి, కొత్త వాసనలు పుడతాయి. బ్యారన్‌లో కాల్చిన, అంటే వేడితో ఆరబెట్టిన, వర్జీనియా ఆకులోనూ జరిగేది ఇదే. ఆకు పసుపుకు తిరిగే దశలో దానిలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. తర్వాత వేడి పెంచి ఆరబెట్టేస్తాం కాబట్టి ఆ చక్కెర ఖర్చు కాకుండా ఆకులోనే ఉండిపోతుంది. మంచి వర్జీనియా ఆకు బరువులో 15 నుంచి 20 శాతం దాకా చక్కెరలే. నీడన ఆరబెట్టే బర్లీ ఆకు వారాల తరబడి ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, ఆ చక్కెరంతా అది వాడేసుకుంటుంది. అందుకే ఏళ్లు గడిస్తే వర్జీనియాలో కనిపించినంత మార్పు బర్లీలో కనిపించదు. పైపు తాగేవాళ్లు డబ్బాలు దాచుకునేది కూడా ఎక్కువగా వర్జీనియా రకాలనే. పొగబెట్టి తయారుచేసే లటాకియా అయితే పాతబడేకొద్దీ పొగ వాసన తగ్గి చప్పబడుతుంది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. పాత పొగాకు తియ్యగా ఉంటుందంటే చక్కెర పెరిగిందని అనుకుంటారు. నిజానికి నిల్వలో చక్కెర తగ్గుతుంది. అది అమైనో ఆమ్లాలతో కలిసి ఖర్చవుతుంది. ఆకుకు పసుపు రంగునిచ్చే కెరోటినాయిడ్లు కూడా విరిగి సువాసన పదార్థాలుగా మారతాయి. వాటిలో ఒకటైన డమాస్కెనోన్ గులాబీ వాసనలో కూడా ఉంటుంది. మనిషికి ‘తియ్యదనం’ అనిపించేది ఈ వాసనలే. అలాగే కొత్త ఆకులో మిగిలిన అమ్మోనియా మెల్లగా బయటకు పోతుంది, ఆమ్లగుణం కొంచెం పెరుగుతుంది. గొంతులో గుచ్చినట్టుండే పొగ కాస్త మెత్తబడటానికి కారణం ఇది. నికోటిన్ మాత్రం పెద్దగా తగ్గదు. తారు ఎటూ ఉంటుంది. ‘పాత సరుకు, మెత్తగా ఉంది’ అని ఎవరైనా రెండు పీల్పులు ఎక్కువ లాగితే ఆరోగ్యానికి జరిగే చెడుపు తగ్గదు. పొగాకు శాస్త్రవేత్తనే అయినా ఈ మాట చెప్పకుండా ఉండలేను.

పొగాకు కంపెనీల గోదాముల్లో ఈ తేడా ముక్కుకే తెలిసిపోతుంది. ఆ ఏడాది ఆకు పెట్టె విప్పితే ఎండుగడ్డి వాసన, దాని వెనకే ముక్కులో చురుక్కుమనే ఘాటు. రెండేళ్లు దాటిన పెట్టె విప్పితే ఎండు ఖర్జూరం, పాత బెల్లం కలిపినట్టుంటుంది. నిమ్మపండు రంగులో పెట్టిన ఆకు నారింజ దాటి గోధుమ రంగుకు తిరుగుతుంది. చేతిలోకి తీసుకుంటే పెళుసుగా కాకుండా తోలు ముక్కలా వంగుతుంది.

అయితే ఆ పెట్టెలోకి ఆకు ఎలా వెళ్లిందో చూడండి. వేలంలో కొన్న ఆకును కంపెనీలు ముందు గ్రేడుల వారీగా విడదీస్తాయి. ఈనెను, ఆకును మిషన్‌లో వేరు చేస్తాయి. పూర్తిగా ఆరబెట్టి, చల్లార్చి, మళ్లీ లెక్క ప్రకారం తేమ పట్టిస్తాయి. చివరికి 12 శాతం అటూఇటూ తేమతో, సుమారు 200 కిలోల పెట్టెల్లో గట్టిగా అదిమి, గోదాములో ఏడాది నుంచి మూడేళ్ల దాకా ఉంచుతాయి. ఎండాకాలం వేడికి మార్పు చురుగ్గా సాగుతుంది, చలికాలంలో నెమ్మదిస్తుంది. మీ బేలులో తేమ దీనికంటే ఎక్కువ, పైగా ఈనె అలాగే ఉంది. ఈనెలోని తేమ చుట్టూ ఉన్న ఆకులోకి దిగుతుంది, మధ్యలో వేడి పుడుతుంది, ఆ వెనకే బూజు వస్తుంది. బూజు పట్టిన ఆకు వాసన ఎన్నేళ్లయినా పోదు.

కావాలనే తడిగా పులియబెట్టే పొగాకులు కూడా ఉన్నాయి. మీ బావమరిది ఉండే అమెరికాలోనే, లూసియానా రాష్ట్రం సెయింట్ జేమ్స్ ప్రాంతంలో పెరీక్ అనే పైపు పొగాకు చేస్తారు. ఆకును పీపాల్లో కుక్కి, పైన మరలతో బిగించి, దాని రసంలోనే దాదాపు ఏడాది మగ్గబెడతారు. మధ్యమధ్యలో తీసి, గాలికి ఆరబెట్టి, మళ్లీ బిగిస్తారు. మన గోదావరి లంక పొగాకును మగ్గబెట్టి చుట్టలకు వాడటం కూడా ఆ కోవలోనిదే. అవి ఆ పద్ధతికి పనికొచ్చే ఆకులు. సిగరెట్ కోసం కాల్చిన వర్జీనియాను అలా చేయబోతే రంగూ పోతుంది, రేటూ పోతుంది.

ఇక మీ బేళ్ల అసలు జబ్బుకు వద్దాం. పచ్చ ఛాయ ఉందన్నారు. అది పక్వానికి రాకముందే కోసిన ఆకు కావచ్చు, లేదా పసుపు పూర్తిగా తిరగకముందే మీరు బ్యారన్ వేడి పెంచి ఉండొచ్చు. ఆకు ఒకసారి ఆరిపోయాక ఆ పచ్చదనం పోయే దారి లేదు, దానితో వచ్చే పసరు వాసన కూడా చాలావరకు అలాగే ఉంటుంది. మాడినట్టున్న ఆకు విషయానికొస్తే, తేమ బయటకు పోకముందే వేడి ఎక్కించి ఉంటారు. పసుపు దశలో 32 నుంచి 38 డిగ్రీల మధ్య తొందరపడకుండా నిలపండి. ఆకు రంగు కుదిరాకే పై కిటికీలు తెరిచి మెల్లగా వేడి పెంచండి. ఈనె ఆరే చివరి దశలో కూడా 71 డిగ్రీలు దాటించొద్దు. కట్టెలు మిగులుతాయని తొందరపడి వేడి పెంచేస్తే ఏమవుతుందో ఈ 5 బేళ్లలో చూస్తూనే ఉన్నారు.

మరో అనుమానం కూడా ఉంది. నత్రజని ఆలస్యంగా వేశారా? అలా వేస్తే ఆకు ముదురు పచ్చగా ఉండిపోయి పక్వానికి రాదు. నికోటిన్ పెరిగి చక్కెర తగ్గుతుంది. పాతబడి మెత్తబడటానికి కావలసిన చక్కెరే అందులో తక్కువ. పొటాష్‌కు ఎంవోపీ (మ్యూరియేట్ ఆఫ్ పొటాష్) వేసి ఉంటే మానేయండి, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేయండి. ఎంవోపీలోని క్లోరైడ్ ఆకులోకి ఎక్కితే అది గాలిలోని తేమను లాక్కుంటుంది, సరిగా కాలదు, నిల్వలో ముందు బూజు పట్టేది కూడా అదే. ఉప్పు బోరు నీళ్లతోనూ ఇదే తంటా. నాట్లకు ముందే నీళ్లు పరీక్ష చేయించండి.

ఇప్పుడు చేయాల్సిన పని. బేళ్లు విప్పి పచ్చ ఆకు, మాడిన ఆకు, బాగున్న ఆకు మూడు కుప్పలుగా వేరు చేయండి. అన్నీ కలిసి ఉన్నందుకే కొనేవాళ్లు వెనక్కి తగ్గి ఉంటారు, వేరు చేస్తే కొంతైనా పోతుంది. ఈనె విరిచి చూడండి, టక్కున విరగాలి. ఆకును పిడికిట్లో నలిపి వదిలితే పొడి కాకుండా మెల్లగా విచ్చుకోవాలి. ఆ పదునులోనే మళ్లీ బేలు కట్టండి. తూకం కోసం నీళ్లు చల్లొద్దు. పురికొస ముక్కలు, ప్లాస్టిక్ పీలికలు, కోడి ఈకలు లేకుండా ఏరేయండి. వేలం రోజు వచ్చేదాకా గోడకు జానెడు దూరంలో, చెక్క పలకల మీద పెట్టండి. ఎరువుల బస్తాలు, పురుగుమందులు ఆ గదిలో ఉండకూడదు. మూడు రోజులకోసారి బేలులోకి చెయ్యి దూర్చి చూడండి, వేడి తగిలితే ఆ రోజే విప్పేయండి.

పండించి అమ్ముకోవడానికి పొగాకు బోర్డు ఇచ్చే అనుమతి పరిమాణం ఏ సీజన్‌కు ఆ సీజన్ లెక్కే కాబట్టి, మిగిలిన ఆకు గురించి మీ వేలం కేంద్రంలోని వేలం నిర్వహణాధికారితో ముందే మాట్లాడండి.

నిల్వ ఆకులో చిన్న గుండ్రటి రంధ్రాలు, సన్నటి పొడి కనిపిస్తే అది పొగాకు పెంకు పురుగు. పెద్ద పురుగు ఎర్ర గోధుమ రంగులో, రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది. తినేది దాని పిల్ల. చలికి దీని పెరుగుదల ఆగిపోతుంది, మన వాతావరణంలో మాత్రం దాదాపు ఏడాది పొడవునా పెరుగుతూనే ఉంటుంది. రెండేళ్ల నిల్వ వద్దనడానికి ఇదీ ఒక కారణం. పురుగు పట్టిన బేలును మిగతావాటికి దూరంగా జరపండి. పురుగును చంపే సల్ఫాస్ బిళ్లలు (అల్యూమినియం ఫాస్ఫైడ్) మాత్రం ఇంట్లో వాడొద్దు. వాటి నుంచి వచ్చే విషవాయువు మనుషుల ప్రాణం తీస్తుంది, అది శిక్షణ ఉన్నవాళ్లు చేయాల్సిన పని.

ఇంత చెప్పినా మీకు ఆసక్తి తీరకపోతే, వచ్చే పంటలో బాగా పండి, నిమ్మపండు రంగులో దిగిన ఆకు అరకిలో తీసి ఈనెలు పీకి, గాలి చొరని స్టీలు డబ్బాలో గట్టిగా అదిమి మూత పెట్టండి. మరో డబ్బాలో పచ్చ ఛాయ ఆకు అరకిలో పెట్టి, రెండింటి మీదా తేదీ రాయండి. ఏడాది తర్వాత ఒకేసారి తెరిచి వాసన చూడండి, మీ బావమరిది అప్పటికి సెలవుల్లో వస్తే ఆయన చేత కూడా చూపించండి.