ఎముకల విభాగంలో అమ్మాయిలు ఎందుకు తక్కువ?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ పూర్తి చేసి, నీట్ పీజీలో మంచి ర్యాంకు తెచ్చుకుంది. ఆర్థోపెడిక్స్ తీసుకుంటానంటోంది. అది మగవాళ్ల బ్రాంచి అనీ, విరిగిన తొడ ఎముకను లాగి కూర్చడానికి ఆడపిల్ల బలం చాలదనీ, గైనకాలజీ తీసుకోమనీ బంధువులు పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మాయి కోరుకున్న బ్రాంచిలోనే చేరనివ్వండి. ఈ విభాగంలో మహిళలు తక్కువన్న మాట నిజమే. వైద్య విద్యార్థుల్లో సగానికి పైగా అమ్మాయిలే ఉన్న అమెరికాలో కూడా ఎముకల సర్జన్లలో మహిళలు నూటికి పది మంది లేరు. అయితే దానికి బలం కారణమన్న వాదనను నేను ఒప్పుకోను. జారిన భుజం కీలును సరిచేయడానికి ఒక పాత పద్ధతి ఉంది: రోగిని బల్లపై బోర్లా పడుకోబెట్టి, ఆ చేతిని కిందికి వేలాడదీసి, మణికట్టుకు కొంత బరువు కట్టి ఉంచితే, బిగుసుకున్న కండరాలు మెల్లగా వదులై చాలాసార్లు కీలు తనంతట తానే చోటులో కూర్చుంటుంది. తొడ ఎముకకైతే మత్తు ఇచ్చి కండరాలను సడలించాక, కాలిని లాగి పట్టి ఉంచే పని ట్రాక్షన్ టేబుల్ చేస్తుంది.

అసలు చిక్కు వేరే చోట ఉంది. యూనిట్‌లో ఒక్క సీనియర్ మేడమ్ కూడా కనిపించనప్పుడు హౌస్ సర్జన్ అమ్మాయికి ఆ దారి తనది కాదనిపిస్తుంది. ధైర్యం చేసి చేరినా, డ్రిల్లు అబ్బాయిల చేతికి, కేస్ షీట్లు ఆమె చేతికి వచ్చే అలవాటు కొన్ని చోట్ల ఇంకా పోలేదు. ఇది అన్యాయం, రోగులకు నష్టం కూడా. మోకాళ్ల అరుగుదల, ఎముకలు గుల్లబారడం ఆడవాళ్లలోనే ఎక్కువ. తుంటి నొప్పితో వచ్చిన పెద్దావిడ మగ డాక్టరు ముందు చీర సర్దుకుంటూ సగమే చెప్పి వెళ్లిపోవడం ఏ ఓపీలోనైనా చూడవచ్చు.

ఆపరేషన్ చేస్తుండగా ఎముకను తెరపై చూపే ఎక్స్‌రే యంత్రం, అంటే సి-ఆర్మ్, రేడియేషన్ గురించి మీరు అడగలేదు గానీ, ఆ భయం కూడా ఎవరో పెట్టే ఉంటారు. లెడ్ ఏప్రాన్, థైరాయిడ్ షీల్డ్ తప్పనిసరిగా వేసుకోవాలి. కిరణాలు వచ్చే చోటి నుంచి రెట్టింపు దూరం జరిగితే మోతాదు దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది. గర్భం దాల్చిన వెంటనే విభాగాధిపతికి తెలిపి, సి-ఆర్మ్ లేని పనులకు మారవచ్చు.

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు అమ్మాయిని ఆయా కాలేజీలకు పంపి, అక్కడి పీజీలతో మాట్లాడించండి. మహిళలకు విడిగా డ్యూటీ గది ఉందా, ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే బ్యాడ్జీలు అందరికీ ఇస్తున్నారా, రెండో ఏడాది పీజీ అమ్మాయికి ఆపరేషన్ స్వయంగా చేసే అవకాశం వస్తోందా అన్నవి అడగమనండి. ఈ మూడో ప్రశ్నకు సూటిగా జవాబు రాని కాలేజీని జాబితాలో కిందికి జరపమనండి.