ఆరుబయట గేటుకు రాడ్ వెల్డింగా, మిగ్ వెల్డింగా?

కళింగపట్నం లాంటి తీరపు ఊళ్లో గేటును ఆరుబయటే అతకాలంటే రాడ్ వెల్డింగే (పూత ఉన్న కడ్డీని కరిగించి అతకడం) మేలు. కరిగిన ఇనుముకు గాలి తగిలితే అతుకు లోపల బుడగలు పడి గుల్లబారుతుంది. మిగ్‌లో (తీగను కరిగించి అతికే పద్ధతి) ఆ ఇనుమును కాపాడేది సిలిండర్ గ్యాసు. సముద్రపు గాలి ఆ గ్యాసును ఇట్టే చెదరగొడుతుంది. రాడ్ మీది పూత కాలుతూ తానే వాయువు కప్పుతుంది, పైన చిట్టెం (గట్టి పొర) కూడా కడుతుంది. అదే గేటుకు 1 మిల్లీమీటరు రేకు అతకాలంటే మాత్రం రాడ్ కన్నం పెట్టేస్తుంది, ఆ ముక్క షాపులో మిగ్‌తో చేయించుకోండి.

మిగ్ అతుకే ఎప్పుడూ గట్టిదనుకోవడం పొరపాటు. మందపాటి ఇనుముకు కరెంటు తక్కువ పెడితే మిగ్ గీత పైకి నున్నగా కనిపించినా లోపల పట్టదు. తుప్పు, పెయింటు గీకకపోతే ఏ పద్ధతైనా చెడుతుంది. తీరంలో రాడ్లకు తేమ పడుతుంది, డబ్బా మూసే ఉంచాలి.