ఊరూ పేరూ తేదీ

నల్లగొండ,
2024 జూన్ 12

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, మీ ఊరి ఫ్లోరైడ్ నీళ్ల మీద నువ్వు రాసి ఫోనులో పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ నాయనమ్మ దగ్గరే ఆగిపోయాను. వాకిట్లో ఎవరైనా పిలిస్తే ఆమె మెడ తిప్పలేక, మంచం మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఒళ్లంతా తిప్పి చూస్తుందని రాశావు. మర్రిగూడ, మునుగోడు వైపు తిరిగిన నాకు ఆ చూపు తెలుసు. ఇన్నేళ్లు రాసినా ఆ వాక్యం నాకు దొరకలేదు.

రెండోసారి కోపం వచ్చింది. ఆ కింది పేరాలోనే ‘మా నీళ్లలో 28 శాతం ఫ్లోరైడ్ ఉంది’ అన్నావు. 28 శాతమంటే లీటరు నీళ్లలో పావుకిలోకు పైగా! ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. కంటికి కనిపించని ఆ కొంచెం ఎక్కువైతేనే మన పల్లెల్లో పిల్లల పళ్లకు గార పట్టింది, పెద్దల నడుములు వంగిపోయాయి. ఘోరమంతా ఆ చిన్న అంకెలోనే ఉంది. దాన్ని పెద్దది చేసి నువ్వు నాయనమ్మ బాధను అబద్ధం పక్కన కూర్చోబెట్టావు. ఆ లెక్క వాట్సాప్‌లో వచ్చిందని ఉత్తరంలో నువ్వే రాశావు. వ్యాసం చివర మాత్రం ‘అందరికీ పంపండి’ అని పెట్టావు.

పైగా వ్యాసంలో తేదీ లేదు. ఊరి పేరు లేదు, ‘ఓ మారుమూల పల్లె’ అని ఉంది. ఏనాటి నీళ్లవి? మిషన్ భగీరథ నల్లాలు రాకముందు మాటా, వచ్చిన తర్వాత మాటా? బోరు నీళ్లా, బావి నీళ్లా? రేపు ఎవరో నీ పేరు తీసేసి దీన్ని ఇంకెవరికో పంపుతారు. పదేళ్ల తర్వాత చదివినవారు కూడా నిన్న జరిగిందనే అనుకుంటారు. కాగితమైతే పసుపురంగుకు తిరిగి తన వయసు తానే చెప్పుకునేది. ఫోనులోని అక్షరానికి వయసు కనపడదు కాబట్టి మనమే రాసిపెట్టాలి. ఊరూ పేరూ లేని మాటను మన పెద్దలు ఇంట్లోకి రానిచ్చేవారు కాదు.

1986లో నేను ఒక దినపత్రికకు ఇక్కడి విలేకరిని. వార్తలు రాసి కవరులో పెట్టి, సాయంత్రం హైదరాబాదు బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవాళ్లం. ఒకరోజు దేవరకొండ దారిలో లారీ ప్రమాదం జరిగింది. ఆసుపత్రి వరండాలో ఎవరో చెప్పిన పేర్లు రాసుకున్నాను. బస్సు వెళ్లిపోతుందన్న తొందరలో ఇంకొకరిని అడగలేదు. మర్నాడు పొద్దున్నే ఒక కుర్రవాడు సైకిలు మీద వచ్చి మా గడపలో నిలబడ్డాడు. చేతిలో పేపరు ఉంది. “మా నాన్న బతికే ఉన్నాడు సార్. చుట్టాలు వచ్చి మా అమ్మ గాజులు తీయబోయారు” అన్నాడు. తిట్టలేదు, ఏడవలేదు. సవరణ వేయించడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. డెస్కులో కూర్చున్నవారికి అది చిన్న సంగతి. లోపలి పేజీలో, వేలంపాట ప్రకటన కింద రెండు వరుసలు వేశారు. ఆ కోపం నాకింకా పోలేదు. అయినా ఆ పిల్లవాడికి వచ్చి నిలబడడానికి ఒక గడప ఉందమ్మా. నీ 28 శాతం తయారుచేసినవాడి గడప ఎక్కడుంది?

2018 వేసవిలో గద్వాల పల్లెల్లో ఏమైందో నీకు గుర్తుండాలి. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో వీడియోలు వచ్చాయి. ఎండాకాలమంతా ఆరుబయట పడుకునే జనం తలుపులు బిగించుకుని లోపల పడుకున్నారు. ఇలాంటి పుకార్లతోనే దేశంలో చాలాచోట్ల అమాయకులను కొట్టి చంపారు. అప్పటి గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపారు. డప్పుతో, పాటతో అది అబద్ధమని చెప్పించారు. ఫోనులో పరుగెత్తిన మాటను ఆపడానికి మనుషులు కాలినడకన వెళ్లి, ముఖం చూపించి చెప్పవలసి వచ్చింది. ఆ జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపే వీలు తీసేసింది.

ఫోను వద్దని నేను అనడం లేదు. 1922లో ఈ నల్లగొండ నుంచే షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రిక నడిపారు. ఆయనకు అచ్చు కావాలి, కాగితం కావాలి, తపాలా కావాలి. నీకు ఇవేవీ అక్కర్లేదు. నువ్వు రాసిన నిమిషానికి భివండీలో మగ్గం ముందు కూర్చున్న మనవాళ్లు చదువుతారు, ముంబైలో మేస్త్రీ పనిచేసే పాలమూరు మనిషి చదువుతాడు. మా కాలంలో డీటీపీ సెంటరులో కొట్టించిన కథ ఇంకో కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలుగా కనిపించేది. యూనికోడ్ వచ్చాక ఆ బాధ తీరింది. ఇంత వరం చేతిలో ఉండి ఊరి పేరు దాచుకోవడమే నాకు అర్థం కాదు.

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట విని సురవరం ప్రతాపరెడ్డి ఏం చేశారు? 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 354 మంది కవులను పేరుపేరునా చూపించారు. మన ప్రాంతానికి జవాబు చెప్పే పద్ధతి అప్పటినుంచీ ఉంది.

నా మొదటి కథలో మా ఊరి పేరు ఉండేది. పాఠకులకు ఆ ఊరు తెలియదని ఒక వారపత్రిక సంపాదకుడు దాన్ని ‘ఒక కుగ్రామం’గా మార్చారు. మా పలుకుబడిని కూడా దిద్దారు. అచ్చయిన కథను మా నాన్నకు చదివి వినిపిస్తే, “ఇది ఎవరి ఊరి కథరా?” అని అడిగాడు. నన్ను అంత నొప్పించిన పనిని ఈ రోజు నువ్వు నీ చేత్తో నువ్వే చేసుకున్నావు. ఎవరూ అడగకుండానే.

ఏ యాప్‌లో పెడితే డబ్బులు వస్తాయని, ఎన్ని భాగాలుగా విడగొట్టాలని అడిగావు. అది నీ ఇష్టం. కలం పేరు మాత్రం పెట్టుకోవద్దు.

ముందు ఒక సీసాలో మీ బోరు నీళ్లు పట్టుకుని నల్లగొండ రా. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించి, కాగితం మీద ఎంత వస్తే అంత రాయి. పాత వ్యాసాన్ని గుట్టుగా తీసేయకు. దాని పైనే ‘సవరణ’ అని రాసి, తప్పేమిటో చెప్పి, తేదీ వెయ్యి. ఎవరెవరికి పంపావో వాళ్లందరికీ అది మళ్లీ పంపు.

మీ నాయనమ్మ పేరు వ్యాసంలో ఎక్కడా లేదు. ఆమెను అడుగు. సరేనంటే, తర్వాతి ఉత్తరంలో ముందు ఆమె పేరు రాయి.

ఆశీస్సులతో,
మీ సార్