బ్రేస్ గురించి: గాజువాక అమ్మగారికి

అమ్మా, మీ పాపకి 12 ఏళ్లు, వెన్ను పక్కకి 28 డిగ్రీలు వంగింది (స్కోలియోసిస్ అంటారు), డాక్టర్ బ్రేస్ (ఒంటికి బిగించే గట్టి పట్టీ) వేయమన్నారు, ఈ విశాఖ ఉక్కలో అది నిజంగా అవసరమా అని అడిగారు కదా. మా అమ్మాయికి రెండేళ్లు వేయించాం కాబట్టి చెబుతున్నాను.

ముందు ఒక మాట: స్కూల్ బ్యాగ్ వల్ల, వంగి కూర్చోవడం వల్ల ఇది రాదు. మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

బ్రేస్ పనిచేస్తుందా అని అమెరికా, కెనడాల్లో 10 నుంచి 15 ఏళ్ల పిల్లల మీద పెద్ద పరిశోధన చేశారు. 2013లో ఫలితాలు వచ్చాయి. ఎదుగుదల ఆగేనాటికి వంపు 50 డిగ్రీలకు (ఆపరేషన్ గురించి ఆలోచించే స్థాయికి) చేరనివారు బ్రేస్ వేసుకున్నవాళ్లలో 72 శాతం, ఊరికే గమనిస్తూ ఉన్నవాళ్లలో 48 శాతం. తేడా స్పష్టంగా కనిపించడంతో పరిశోధనను ముందే ఆపేశారు. అంటే బ్రేస్ లేకున్నా దాదాపు సగం మంది బాగానే ఉన్నారు, అదీ నిజమే. కానీ మన పిల్ల ఏ సగంలో ఉంటుందో ఎవరు చెప్పగలరు?

అసలు కీలకం గంటలు. రోజుకు సుమారు 13 గంటలు దాటి వేసుకున్నవాళ్లలో 90 శాతానికి పైగా గట్టెక్కారు. మా ఇంట్లో గొడవంతా ఇక్కడే! సాయంత్రం ఆటకి తీసేసేది, రాత్రంతా ఉంచుకునేది. లోపల పల్చటి కాటన్ బనియన్, కుట్లు బయటికి ఉండేలా తిరగేసి వేయండి, చెమట పట్టగానే మార్చండి. పౌడర్, క్రీమ్ వద్దు, చర్మం మెత్తబడి ఒరుసుకుపోతుంది.

ఎముకల ఎదుగుదల ఇంకా ఎంత మిగిలిందో ఎక్స్‌రే చూసి చెప్పమని డాక్టర్ని అడగండి. బ్రేస్ ఎన్నాళ్లన్నది దాన్నిబట్టే.