పాత ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమాల్లో ఆడవాళ్ళకి నిజంగా బలమైన పాత్రలుండేవా, లేక ఒళ్ళు చూపించడానికి అదొక సాకా?

రెండూనండి. చాలాసార్లు ఒకే సినిమాలో, పది నిమిషాల తేడాలో.

ఎక్స్‌ప్లాయిటేషన్ అంటే తక్కువ ఖర్చుతో తీసి, సెక్సూ హింసా చూపించి డబ్బు చేసుకునే సినిమాలు. వాటిలో 1970ల అమెరికన్ సినిమాల గురించే చెప్తాను, నేను కుదురుగా కూర్చుని చూసినవి అవే. అక్కడ ఎమ్మెస్ చేసేటప్పుడు యూనివర్సిటీ లైబ్రరీలో ఈ డీవీడీలు ఊరికే దొరికేవి. రూమ్మేట్లం అందరం ఆడపిల్లలమే. రేప్ సీన్ వస్తే రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ముందుకి జరిపేసేవాళ్ళు. మిగతాదంతా నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళం.

మీ ప్రశ్నకి సరిగ్గా సరిపోయేది నల్లజాతి నటి పామ్ గ్రియర్ నటించిన 'కాఫీ' (1973). ఆమె ఒక నర్సు. చెల్లెలు హెరాయిన్‌కి బానిసై పాడైపోతే, పోలీసుల కోసం చూడకుండా తనే తుపాకి పట్టుకుంటుంది. సినిమాలో ఆమె ఒంటిమీద బట్ట నిలవదు, ఆ సంగతి దాచిపెట్టి పొగడడం దండగ. కానీ ఎవరికి ఎర వెయ్యాలి, ఎక్కడ దూరాలి, ఎప్పుడు కాల్చాలి, అన్నీ ఆమె నిర్ణయాలే. గుబురైన ఆఫ్రో జుట్టులో బ్లేడ్లు దాచుకుని పార్టీకి వెళ్తుంది. కొట్లాటలో ఆ జుట్టు పట్టుకున్నావిడ చేతులు తెగుతాయి. ఆఖర్లో, మోసం చేసిన ప్రియుడు (ఎన్నికల్లో నిలబడ్డ నాయకుడు లెండి) తియ్యగా మాట్లాడి ఆమెని దాదాపు మెత్తబరుస్తాడు. ఇంతలో పడగ్గదిలోంచి ఒక తెల్లమ్మాయి బయటికొస్తుంది. అంతే. తూటా ఎక్కడ తగిలిందో చెప్పను గానీ, మా రూమంతా ఈలలే.

అలాగని ఇదంతా నిర్మాతల పెద్దమనసు అనుకోకండి. రోజర్ కోర్మన్ లాంటివాళ్ళకి కావలసింది తక్కువ ఖర్చు, కాస్త ఒళ్ళు, కాస్త రక్తం. ఆ కోటా నిండితే మిగతా రీళ్ళలో ఏం చెప్పుకున్నా పెద్దగా అడ్డుపడేవారు కాదు. ఆ సందు దొరకబుచ్చుకున్న డైరెక్టర్ స్టెఫానీ రాత్‌మన్. ఆమె తీసిన 'ది స్టూడెంట్ నర్సెస్' (1970) పేరు, పోస్టర్ చూస్తే ఎవరైనా ఒకటే అనుకుంటారు. లోపల మాత్రం గర్భస్రావానికి ఆస్పత్రి ఒప్పుకోక అల్లాడే అమ్మాయి కథ ఉంది. గర్భస్రావాన్ని హక్కుగా ఒప్పుకున్న రో వర్సెస్ వేడ్ తీర్పు అమెరికా సుప్రీంకోర్టులో రావడానికి అప్పటికింకా మూడేళ్ళుంది. ఆమెదే 'టెర్మినల్ ఐలాండ్' (1973)లో ఖైదీల దీవి మీద ఆడవాళ్ళని బానిసలుగా వాడుకునే ముఠా మీద తిరుగుబాటు జరుగుతుంది.

నాకు మండేది ఇక్కడే. కోర్మన్ దగ్గర పని నేర్చుకున్న డైరెక్టర్లు కొప్పోలా, స్కోర్సెసీ పెద్ద స్టూడియోలకి వెళ్ళిపోయారు. రాత్‌మన్‌కి మాత్రం ఇవే సినిమాలు చెరగని ముద్రై కూర్చున్నాయి, 1970ల మధ్యకొచ్చేసరికి ఆమె డైరెక్షనే ఆగిపోయింది. తెర మీద ఆడవాళ్ళు గెలిచారు సరే, తెర వెనక?

జాతి సంగతీ అంత తేలిక కాదు. 'కాఫీ'లాగా నల్లజాతివాళ్ళు ముఖ్యపాత్రల్లో నటించే ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమాల మీద 1972లోనే నల్లజాతి సంఘాలు కూటమి కట్టి పోరాడాయి. 'కాఫీ' తీసిన జాక్ హిల్ తెల్లవాడు. అతనే తీసిన జైలు సినిమా 'ది బిగ్ డాల్ హౌస్' (1971) షూటింగ్ ఖర్చు కలిసొస్తుందని ఫిలిప్పీన్స్‌లో జరిగింది. పామ్ గ్రియర్‌కి తొలినాళ్ళ పేరు అక్కడే వచ్చింది, కథంతా మాత్రం అమెరికా ఖైదీల చుట్టూనే తిరుగుతుంది.

(మన దగ్గర 1970లోనే కె.ఎస్.ఆర్. దాస్ 'రౌడీ రాణి'లో విజయలలిత చేత ఫైట్లు చేయించారు. దాని గురించి వేరే ప్రశ్న అడగండి, తీరిగ్గా రాస్తాను.)

చూడాలనుకుంటే 'కాఫీ'తో మొదలుపెట్టండి, తర్వాత రాత్‌మన్. పామ్ గ్రియర్‌దే 'ఫాక్సీ బ్రౌన్' (1974) పెట్టుకుంటే మాత్రం హీరోయిన్‌ని బంధించిన పొలంలో సీన్లు దాటేయండి. అక్కడేం జరిగిందో తర్వాత ఆమె తీర్చుకునే పగే చెప్పేస్తుంది.