స్టికర్ మీద ఇంకో పది వేలు అడుగుతున్నాడు అక్కా, ఇచ్చేయనా?

ప్రశ్న: అక్కా, మేం డల్లాస్ దగ్గర ఉంటాం. నాకు 31, హెచ్-1బి, జీతం ఏడాదికి లక్షా 18 వేల డాలర్లు, మా ఆవిడది ఎమ్మెస్ ఆఖరి సెమిస్టర్. కాలేజీ రోజుల నుంచీ నాకు హోండా వాళ్ల స్పోర్ట్స్ కారు సివిక్ టైప్ ఆర్ అంటే పిచ్చి. ఇన్నాళ్లకి ఒక డీలర్ దగ్గర తెల్లది దొరికింది. స్టికర్, అంటే కంపెనీ రాసిన ధర, సుమారు 47 వేల డాలర్లు, దాని మీద మార్కెట్ అడ్జస్ట్‌మెంట్ అని 10 వేలు, ప్రొటెక్షన్ ప్యాకేజీ అని ఇంకో 2 వేలు వేశాడు. సేవింగ్స్ 26 వేలు ఉన్నాయి, అందులో 8 వేలు డౌన్ కడతా, మిగతాది 72 నెలలకి 7 శాతం లోన్. ఈ కార్లకి రీసేల్ బాగుంటుంది, ఆ పది వేలు ఎక్కడికీ పోవు, ఇన్వెస్ట్‌మెంట్ లాంటిదే అన్నాడు సేల్స్ అతను. నాకూ నిజమే అనిపిస్తోంది. శనివారం లోపు చెప్పమన్నాడు. ఏమంటావ్?

జవాబు: తమ్ముడూ, నేను కారు కొనొద్దనే రకం కాదు, ముందే చెప్తున్నా. ఇష్టమైన కారు కొనుక్కోడానికి కూడా కదా సంపాదించేది, ప్రతి దానికీ "ఇదే డబ్బు ఫండ్‌లో పెడితే" అంటూ వెంటపడితే నా దగ్గరికి ఒక్కడూ రాడు. కారు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ పన్నెండు వేల సంగతి, ఎందుకంటే నువ్వు రాసిన మొత్తంలో నాకు భయం వేసింది దాని దగ్గరే, అదీ నువ్వు దాన్ని అప్పు చేసి కడతానన్న చోట.

కారు అద్దం మీద రెండు కాగితాలు ఉండి ఉంటాయి, గుర్తు తెచ్చుకో. ఒకటి కంపెనీది, దాన్ని మన్రోనీ స్టికర్ అంటారు, 1958లో సెనేటర్ మన్రోనీ తెచ్చిన చట్టం వల్ల వచ్చింది కాబట్టి ఆ పేరు, కారు కస్టమర్ చేతికి వెళ్లేదాకా దాన్ని పీకకూడదు, మార్చకూడదు. రెండోది దాని పక్కనే, దాదాపు అలాగే కనపడేలా ప్రింట్ చేసి అంటించింది, అది డీలర్ సొంత కాగితం, అడెండమ్ అంటారు. నీ పది వేలు, రెండు వేలు ఉన్నది ఆ రెండో దాని మీద. కంపెనీ స్టికర్ మీది ధరని ఎంఎస్ఆర్‌పీ అంటారు, అందులో "ఎస్" అంటే సజెస్టెడ్ అని నీకు తెలిసే ఉంటుంది, అంటే కంపెనీ ఇంతకి అమ్మితే బాగుంటుంది అని చెప్పడమే, డీలర్ వేరే వ్యాపారి, తన ఇష్టమైన రేటు పెట్టుకోవచ్చు, అది నేరం కాదు. 2022 మొదట్లో చిప్‌ల కొరత టైంలో ఫోర్డు, జీఎం లాంటి కంపెనీలు స్టికర్ దాటి అమ్మే డీలర్లకి కార్ల కోటా తగ్గిస్తాం అని గట్టిగానే హెచ్చరించాయి, అయినా ఆగలేదు. వినియోగదారుల సంగతి చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌టీసీ వాళ్లు 2023 డిసెంబర్లో డీలర్ల మీద ఒక రూల్ తెచ్చారు, నువ్వు చూసి ఒప్పుకోకుండా ఎక్స్‌ట్రాలు తగిలించకూడదు, అసలు రేటు ముందే చెప్పాలి అని, దాన్ని 2025 జనవరిలో ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు కొట్టేసింది. కాబట్టి ఎవరో వచ్చి ఆపుతారులే అని మాత్రం అనుకోకు. ఇంకో భ్రమ కూడా తీసేసుకో, మూడు రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చట అని మనవాళ్లలో ఒకటి తిరుగుతుంటుంది, డీలర్ షాపులో కూర్చుని సంతకం పెట్టిన కారుకి అలాంటి రూల్ ఏమీ లేదు.

ఇప్పుడు లెక్క. 47కి 12 కలిపితే 59 వేలు, టెక్సస్‌లో 6.25 శాతం ట్యాక్సు మొత్తం రేటు మీద పడుతుంది, అంటే మార్కప్ (స్టికర్ పైన డీలర్ వేసుకున్నది) మీద కూడా ట్యాక్సు కడుతున్నావ్, ఆ 12 వేల మీదే 750. నీ 8 వేలు పోగా లోన్ 54,700 దాకా అవుతుంది (టైటిల్, డాక్ ఫీజులు, అంటే కాగితాల ఖర్చులు, వదిలేశా), నెలకి 932 కిస్తీ. అదే మార్కప్, ప్యాకేజీ లేకుండా అయితే 715. తేడా నెలకి 217 డాలర్లు, ఆరేళ్లు, మొత్తం 15,650. వాడు పది వేలు అన్నాడు, నువ్వు పది వేలే విన్నావ్, కట్టేది మాత్రం పదిహేనున్నర పైన.

ఇక ఇన్వెస్ట్‌మెంట్ అన్న మాట. ఇందులో సగం నిజం ఉంది, అందుకే బాగా ఎక్కుతుంది. టైప్ ఆర్ లాంటి కార్లు విలువ బాగానే నిలబెట్టుకుంటాయి, మామూలు సెడాన్ల లాగా గబగబా పడిపోవు, ఒప్పుకుంటా. కానీ నిలబెట్టుకునేది స్టికర్ విలువని, నువ్వు ఇచ్చిన రేటుని కాదు. రేపు నీ దగ్గర కొనేవాడు నువ్వు ఎంత పెట్టి కొన్నావో అడగడు, ఆ రోజు కొత్తది ఎంతకి దొరుకుతోందో చూస్తాడు. కొత్తది స్టికర్‌కే దొరికే రోజు వచ్చిందంటే నీ పన్నెండు వేలు ఆ క్షణంలోనే ఆవిరి. ఇది కొత్త కథ కూడా కాదు, 1989లో మజ్డా మియాటా వచ్చినప్పుడు కూడా ఇలాగే స్టికర్ మీద వేలకి వేలు పెట్టి ఎగబడ్డారు, ఆగినవాళ్లు తర్వాత అదే కారు మామూలు రేటుకి కొనుక్కున్నారు.

మార్కప్ అన్నది ఎక్కడా లెక్కలోకి రాని డబ్బు. నా సొంత అనుభవం ఒకటి చెప్తా, చెప్పుకోడానికి సిగ్గే. 2022లో మాకు రెండో పాప పుట్టబోతోంది, పాత కారు ట్రాన్స్‌మిషన్ పోయింది, ఎక్కడ చూసినా మినీవ్యాన్ లేదు, ఉన్న ఒక్క చోట 4,995 ఎక్కువ రాసి ఉంది. నేనే, రోజూ పదిమందికి డబ్బు సంగతులు చెప్పేదాన్ని, నోరు మూసుకుని సంతకం పెట్టా. రెండేళ్లకి ఒక సాయంత్రం వడగళ్లు పడ్డాయి, ఇక్కడి వడగళ్లు నీకు తెలుసు కదా, నిమ్మకాయలంత, కారు నిండా సొట్టలు, అద్దాలు పోయాయి, ఇన్సూరెన్స్ వాళ్లు ఇక బాగుచేయించడం దండగని టోటల్ చేసేశారు. తర్వాత వాళ్ల వాల్యుయేషన్ రిపోర్టు వచ్చింది, చుట్టుపక్కల అమ్మకానికి ఉన్న అలాంటి బళ్లు, మైలేజీ, కండిషన్, ఆప్షన్లు అన్నీ వరసగా రాసి ఉన్నాయి. ఆ కాగితం రెండుసార్లు చదివా, నా 4,995 కోసం. దానికి అసలు గడే లేదు. ఇన్సూరెన్స్ ఇచ్చేది ఆ రోజు మార్కెట్ విలువ, అంతే. ఇన్సూరెన్స్ ఇచ్చినదానికీ లోన్ బాకీకీ మధ్య తేడా కట్టే గ్యాప్ పాలసీ తీసుకుంటే సరిపోతుంది కదా అంటావేమో, గ్యాప్ పాలసీలు చాలావాటిలో లోన్ కారు విలువలో ఇంత శాతం దాటితే పైది కట్టం అని ఒక లైను ఉంటుంది, నీ లోన్ మొదటి రోజే స్టికర్‌లో 116 శాతం, కాబట్టి తీసుకునేముందు ఆ లైను వెతుక్కో.

నువ్వు హెచ్-1బి అన్నావ్ చూడు, నాకు అసలు గుచ్చుకున్నది అక్కడ. ఎవరికీ జరగకూడదు, కానీ ఉద్యోగం పోతే నీ చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకు ముందే అయిపోతే అది కూడా ఉండదు. ఆ అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, లేదంటే సర్దుకోవాలి, అలాంటప్పుడు కారుని మంచి రేటు వచ్చేదాకా పెట్టుకుని కూర్చోలేవు, వచ్చినంతకి అమ్మేయాలి. సరే, కొన్న ఎనిమిది నెలలకి అలా అయిందనుకుందాం, కారు 43 వేలకి పోయిందనుకుందాం, టైప్ ఆర్ కాబట్టి ఉదారంగానే వేశా. నీ లోన్ బాకీ అప్పటికి 49,700 దగ్గర ఉంటుంది. అంటే కారు ఇచ్చేసి, పైన ఇంకో 6,700 నువ్వే బ్యాంకుకి కట్టాలి, జీతం రాని నెలలో. అదే స్టికర్‌కి కొని ఉంటే బాకీ 38,100, అమ్మితే 4,900 నీ చేతిలోకి వచ్చేది, ఇంటికి రెండు టికెట్లు కొనుక్కోవచ్చు, లేదా మూడు నెలలు రెంట్ కట్టుకోవచ్చు. అదే కారు, అదే రోజు, అదే అమ్మకం రేటు. మా ఆవిడ ఎమ్మెస్ అయిపోతే తనకీ ఉద్యోగం వస్తుంది కదా అనుకుంటున్నావేమో, వస్తే సంతోషం, రాకముందే ఆ జీతాన్ని కిస్తీలో వాడేయకు.

ట్యాక్సు సంగతి కూడా ఒకటి, ఆ సేల్స్ అతను కారు లోన్ వడ్డీకి ఇప్పుడు డిడక్షన్ ఉంది అని చెప్పే ఉంటాడు. ఉంది, 2025 నుంచి 2028 దాకా ఏడాదికి 10 వేల వడ్డీ వరకూ, జాయింట్‌గా ఫైల్ చేస్తే 2 లక్షల ఆదాయం దాటాక తగ్గడం మొదలవుతుంది, నువ్వు ఆ లోపే. కానీ కారు ఫైనల్ అసెంబ్లీ అమెరికాలో జరిగి ఉండాలి. నీ టైప్ ఆర్ జపాన్‌లో యోరీ ప్లాంటులో తయారవుతుంది, కావాలంటే విన్ నంబర్, అంటే కారు గుర్తింపు నంబర్, చూడు, జె అక్షరంతో మొదలవుతుంది. కాబట్టి నీకు సున్నా. తమాషా ఏంటంటే దీని చుట్టం లాంటి ఇంటెగ్రా టైప్ ఎస్ ఒహాయోలో మేరీస్‌విల్‌లో తయారవుతుంది, దాదాపు అదే ఇంజిను, స్టికర్ 50ల్లో ఉంటుంది, అంటే మార్కప్‌తో నువ్వు ఇస్తానంటున్న 59 కంటే తక్కువే. అది కొనమని కాదు, లుక్ నీకు నచ్చకపోవచ్చు, 59 పెట్టేవాడికి ఇంకేం దొరుకుతాయో చూసుకోమంటున్నా అంతే.

మరి నా మాట ఏంటంటే, మార్కప్ అనేది కారు ధర కాదు, క్యూలో ముందుకి దూరడానికి ఇచ్చే డబ్బు, తిరుపతిలో స్పెషల్ దర్శనం టికెట్ లాంటిది, దేవుడు అందరికీ ఒకడే. ఇవ్వడం తప్పు కాదు, ఇవ్వగలిగితే. కానీ దాన్ని సొంత డబ్బుతో ఇవ్వాలి, అప్పుతో కాదు. నా క్లయింట్లకి కూడా ఇదే చెప్తా, స్టికర్ వరకూ లోన్ పెట్టుకో, దాని పైన ప్రతి డాలరూ నీ బ్యాంకు ఖాతా లోంచి కదలాలి, చెక్కు రాసేటప్పుడు చెయ్యి ఆగిందంటే నీకు అంత అవసరం లేదనే. నీ విషయంలో 26 వేల లోంచి డౌన్ 8, మార్కప్, ప్యాకేజీ, ట్యాక్సు తేడా కలిపి దాదాపు 13 తీసేస్తే మిగిలేది 5 వేలు, మీ ఇద్దరికీ ఎన్ని నెలలు వస్తుంది అది? రాదు. కాబట్టి ఈ రేటుకి ఈ కారు నువ్వు కొనలేవు, స్టికర్‌కి అయితే కొనొచ్చు, అది కూడా 715 కిస్తీ కాస్త బరువే, 401కె మ్యాచ్, అంటే రిటైర్మెంట్ ఖాతాలో కంపెనీ కలిపే డబ్బు, వదులుకోకుండా కట్టగలిగితేనే.

స్టికర్‌కి ఎలా దొరుకుతుంది అంటే, ఊళ్లో తిరిగితే దొరకదు, మెయిల్ పెట్టు. ఓక్లహోమా, కాన్సస్, ఆర్కన్సా, లూసియానా, ఇంకా దూరం కూడా, ఒక ముప్పై నలభై మంది డీలర్లకి ఒకే మెయిల్, "కంపెనీ నుంచి మీకు రాబోయే అలాట్‌మెంట్‌లో టైప్ ఆర్ ఉందా, ఔట్ ది డోర్ రేటు, అంటే ట్యాక్సు, ఫీజులు అన్నీ కలిపిన రేటు, రాసి పంపండి, ఏ రంగైనా పర్లేదు" అని. రంగు పట్టుదల వదిలేస్తే సగం పని అయిపోయినట్టే. చిన్న ఊళ్లలో స్పోర్ట్స్ కారు అడిగేవాడు తక్కువ, అక్కడ మెత్తబడతారు. ఫ్లైట్‌లో వెళ్లి నడుపుకుంటూ వచ్చినా, ట్రక్కు మీద తెప్పించుకున్నా ఆ ఖర్చు పన్నెండు వేల ముందు లెక్కే కాదు, ట్యాక్సు మామూలుగా నువ్వు రిజిస్టర్ చేసే టెక్సస్‌కే కడతావ్.

ఒకటి మాత్రం చూసుకో, మార్కప్ తీసేశాం అన్నవాడు ఇంకో జేబులోంచి లాగొచ్చు. పాత కారు వాడికే ఇచ్చే ట్రేడ్-ఇన్ ఉంటే దాని మీద నాలుగు వేలు తగ్గిస్తాడు, లేదా లోన్ మా దగ్గరే తీసుకోవాలి అని బ్యాంకు ఇచ్చిన వడ్డీ మీద ఇంకో శాతం, రెండు శాతం తనకి కలుపుకుంటాడు, అందుకే ముందే క్రెడిట్ యూనియన్‌లో (సభ్యుల సహకార బ్యాంకు లాంటిది) లోన్‌కి ప్రీ-అప్రూవల్ తెచ్చుకుని జేబులో పెట్టుకుని వెళ్లు. ఆ ప్రొటెక్షన్ ప్యాకేజీ రెండు వేలలో ఏముందో కూడా చదివావా? టైర్లలో నైట్రోజన్, అద్దం మీద విన్ నంబర్ చెక్కడం, పెయింట్ మీద ఏదో పూత, ఇంతకుమించి ఉంటే నాకు రాయి, నేనూ నేర్చుకుంటా. నువ్వు పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ తమ్ముడూ.

శనివారం గురించి కంగారు పడకు, అది వాడి శనివారం, వాడి నెలాఖరు టార్గెట్. నీ పనల్లా ఒకటే, శుక్రవారం ఒక మెయిల్ పెట్టు, "స్టికర్‌కి, ప్యాకేజీ లేకుండా ఇస్తే రేపే వస్తా" అని, ఆపైన ఒక్క ముక్క ఎక్కువ రాయకు, మీ కారంటే నాకు ప్రాణం లాంటివి అసలు రాయకు. కుదరదంటే వదిలేసి ఆ ముప్పై మెయిళ్లు మొదలుపెట్టు.

అన్నట్టు డిపాజిట్ ఏమైనా ఇచ్చేశావా లేదా అన్నది రాయలేదు నువ్వు. ఇచ్చి ఉంటే ముందు ఆ రసీదు తీసి రిఫండబుల్ అని రాసి ఉందో లేదో చూడు, కార్డు మీద కట్టావా చెక్కు ఇచ్చావా అన్నది కూడా చూసి నాకు చెప్పు.